మూడో సిలిండర్

ఆ కారు మా షాపుకు పత్తి మోసే డీసీఎం వ్యాన్ మీద ఎక్కి వచ్చింది.

కొత్తగూడెంలో మాది ఇంజన్లు బోరింగ్ చేసే షాపు. అరిగిపోయిన సిలిండర్ లోపలి గోడను మళ్లీ గుండ్రంగా, నున్నగా కోసి, దానికి సరిపడే కొంచెం పెద్ద పిస్టన్లు వేసి ఇస్తాం. జూలూరుపాడు నుంచి ట్రాక్టర్లవి, చర్ల వైపు నుంచి జీపులవి, గోదావరి ఒడ్డు పొలాల నుంచి నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు వస్తాయి. స్పోర్ట్స్ కారు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. నేలకు జానెడు ఎత్తున, రెండే సీట్లతో, గుడ్డ పైకప్పుతో, ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరిగిన విదేశీ కారు అది. ముప్పై ఏళ్లు దాటింది. వ్యాన్ క్యాబిన్‌లోంచి ముందుగా ఒక పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని దిగింది. వెనకే దిగుతున్న భర్తతో ఆమె అన్న మాట మా షాపంతా వినపడింది.

"కొత్త ఇంజన్ పడితేనే నేను దీన్ల ఎక్కేది. లేకుంటే మీరొక్కరే తిరుగుండ్రి."

ఆయన బొగ్గు గనుల్లో సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆమె చర్ల చుట్టుపక్కల అడవి ఊళ్లలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. ఇప్పుడు భద్రాచలంలో ఉంటున్నారు. నేను వాళ్లను సార్ అని, మేడం అని పిలిచేదాన్ని. ముందురోజు చర్ల అవతల ఒక ఊళ్లో పెళ్లికి వెళ్లారట. పెళ్లికూతురు మేడం చేతుల మీద పుట్టిన పిల్ల. తిరిగి వస్తుంటే చెట్ల మధ్య కారు పొగలు కక్కి ఆగిపోయింది. ఫోనుకు సిగ్నల్ లేదు. తాగడానికి ఉన్న నీళ్లు రెండు సీసాలూ రేడియేటర్‌లోనే పోసేశారు. నాలుగు గంటలు అట్లాగే కూర్చున్నారు. పొద్దు వాలే వేళకు పత్తి దించి వస్తున్న ఈ వ్యాన్ దొరికింది. సార్ ఇదంతా నవ్వుతూ చెప్తున్నారు. మేడం నవ్వలేదు.

అబ్బా బయటికి వచ్చారు. అబ్బా అంటే మా నాన్న. ఆయనను ఊళ్లో అందరూ ఉస్తాద్ అంటారు. నలభై ఏళ్లకు పైగా అదే షాపు, అదే బోరింగ్ మిషన్. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి ఆయన దగ్గర చేరి పదిహేనేళ్లయింది. పెళ్లయ్యాక కూడా ఉదయం తొమ్మిదికల్లా షాపులో ఉండేదాన్ని. మేమిద్దరం తప్ప వేరే పనివాళ్లు లేరు. ఇంట్లో మాది ఉర్దూ. షాపుకు వచ్చేవాళ్లతో తెలుగు.

అబ్బా కారు చుట్టూ తిరగలేదు, పొగడలేదు. "ఒక్కసారి స్టార్ట్ చెయ్యుండ్రి సార్" అని బానెట్ మీద అరచెయ్యి ఆనించి, తల వంచి నిలబడ్డారు. ఇంజన్ దగ్గుతూ తిరిగింది. వెనక నుంచి నీలం పొగ వచ్చింది. పది లెక్కపెట్టేంతలో ఆపమని చెయ్యి ఊపారు.

"రింగు విరిగింది. మూడోదాంట్ల."

మర్నాడు ఇంజన్ పైమూత, అంటే హెడ్, దింపి చూస్తే, మూడో సిలిండర్‌లో పిస్టన్ రింగు రెండు ముక్కలై ఉంది. విరిగిన ముక్క గోడను పైభాగంలో గీసుకుంటూ పోయింది. అక్కడ గోరు ఆగేంత చార. అబ్బా చెవి ఆ వయసులో కూడా అట్లా ఉండేది. తరువాత జరిగినదానికి ఇది కూడా ఒక కారణమనిపిస్తుంది. చెవి అంత నమ్మకంగా పనిచేస్తున్న మనిషికి, కన్ను పనిచేయడం లేదని ఎవరు చెప్పగలరు?

ఆ ఎండాకాలం నుంచే నాకు అనుమానంగా ఉండేది. పొద్దున్నే పేపర్ చదవడం మానేశారు. అన్నీ అబద్ధాలే రాస్తున్నారన్నారు. చాయ్ పోస్తే కప్పు పక్కన పడేది. మెట్లు దిగేటప్పుడు కాలితో ముందు తడిమి చూసుకునేవారు. మా అమ్మీకి కూడా తెలుసు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని ఊరుకునేవాళ్లం. ఆయన చేతి పని అంతా కొలత మీద నడిచేది. కన్ను పోతోందంటే పని పోతోందని చెప్పినట్టే. అందుకే ఆ మాట నా నోటికి రాలేదు.

ఇంజన్‌ను చైన్ పుల్లీతో పైకి లేపి, మొత్తం విప్పి, నాలుగు సిలిండర్లూ ఉండే బ్లాకును కడిగి బల్ల మీద పెట్టాం. ఇక తేల్చుకోవలసింది ఒక్కటే. ఈ పాత ఇంజన్‌నే బాగుచేయాలా, తీసేసి కొత్త రకం ఇంజన్ పెట్టాలా?

పాత ఇంజన్ ఇంతకుముందే రెండుసార్లు కోయించుకుంది. దానికి దొరికే ఆఖరి పెద్ద పిస్టన్లు అరవై సైజువి, అంటే అసలు కొలతకన్నా అరవై గీతలు పెద్దవి. గీత అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఎప్పుడో దొరికితే సార్ కొని ఇంట్లో దాచుకున్నారు. అరవై గీత దాకా కోస్తే నాలుగు సిలిండర్లూ శుభ్రం కావాలి. ఏ ఒక్కటి అంతకన్నా లోతుగా అరిగి ఉన్నా ఈ బ్లాకు పని అయిపోయినట్టే. ఎందుకంటే సిలిండర్ గోడ చుట్టూ నీళ్లు పారే దారి ఉంటుంది. ఏళ్ల తరబడి వట్టి నీళ్లు పోసి నడిపినందువల్ల ఆ వైపు తుప్పు తినేసి, గోడ ఎంత మిగిలిందో పైకి తెలియదు.

కొలత తీసుకునే రోజు గురువారం. డయల్ గేజ్‌ను సిలిండర్‌లోకి దించి అబ్బా అంకె చెప్తారు. నేను కాగితం మీద రాస్తాను. పదిహేనేళ్లుగా అదే పద్ధతి. మొదటిది నలభై తొమ్మిది. రెండోది యాభై. మూడోదాని దగ్గర ఆయన ఎక్కువసేపు వంగి ఉన్నారు. గేజ్‌ను కిటికీ వైపు తిప్పారు. కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి మళ్లీ దించుకున్నారు.

"యాభై నాలుగు."

రాసుకున్నాను. నాలుగోది యాభై ఒకటి. "అరవైల శుభ్రంగ పోతది" అని చేతులు తుడుచుకున్నారు. నా పెన్ను యాభై నాలుగు మీదే ఆగిపోయింది. గోరు ఆగేంత చార ఉన్నచోట, మిగతావాటికన్నా మూడు నాలుగు గీతలే ఎక్కువా?

మర్నాడు శుక్రవారం. ఆయన జుమ్మా నమాజుకు వెళ్లగానే షట్టర్ సగం దించాను. నా షాపులో నేనే దొంగలా గేజ్ చేతికి తీసుకున్నాను. మూడో సిలిండర్‌లో చార ఉన్నచోటికి దించి, మెల్లగా ఊపి, ముల్లు వెనక్కి తిరిగేచోటు చూశాను. అరవై నాలుగు. తీసి, తుడిచి, మళ్లీ దించాను. అరవై నాలుగు. మూడోసారి గేజ్‌ను కొలత తెలిసిన ఉక్కు రింగు మీద సరిచూసుకుని మరీ కొలిచాను. అదే. పది గీతల తేడా. డయల్ మీద ఒక పెద్ద గీతను మసకలో దాటిపోతే వచ్చే తేడా సరిగ్గా అంతే.

గేజ్ పెట్టెలో పెట్టేసి, కాగితం మడతపెట్టి సొరుగులో వేశాను. అంకె దిద్దలేదు. అబ్బా టోపీ సర్దుకుంటూ తిరిగి వచ్చేసరికి ఒక ట్రాక్టర్ హెడ్ ముందేసుకుని కూర్చున్నాను.

"అన్నం తిన్నవా?" అన్నారు.

"తిన్న" అన్నాను. తినలేదు.

ఆదివారం సార్, మేడం భద్రాచలం బస్సులో వచ్చారు. తేల్చుకుంటామన్నారు. అబ్బా స్టూళ్లు వేయించి, చాయ్ తెప్పించారు. బ్లాకు మీద చెయ్యి వేసి మాట్లాడారు. ఆయన అంతసేపు మాట్లాడటం నేను చూసింది తక్కువ.

"సార్, దీని పోత మంచిగున్నది. ఇప్పుడట్ల పోస్తలేరు. అరవై సైజు పిస్టన్లు మీ దగ్గరనే ఉన్నయ్. నేను కోసిస్తే ఇంకో పదేండ్లు ఉరుకుతది. చిన్న కార్లది కొత్త ఇంజన్ తెచ్చి పెట్టొచ్చు, పెట్టలేమని కాదు. బలం ఎక్కువుంటది, ఆయిల్ తక్కువ తాగుతది. గని కారు మీది, గొంతు ఇంకొకనిది అయితది."

సార్ ముఖం వెలిగిపోయింది. మేడం చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"గొంతు సంగతి నాకెందుకు భాయ్? అడవిల ఆగొద్దు. గంతే. మొన్న నాలుగు గంటలు కూసున్న. ఈయనకు షుగర్. ఆడ ఏమన్నయితే దవాఖానా యాడున్నది?"

"ఆగదమ్మా. నాది పూచీ."

అప్పుడు ఆమె నావైపు తిరిగింది. "నువ్వేమంటవ్ బిడ్డా? సదువుకున్నవ్ గదా."

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. అబ్బా కూడా చూస్తున్నారు, ఏ అనుమానమూ లేకుండా. సార్ చేతిలో పాత గుడ్డలో చుట్టిన పిస్టన్లు ఉన్నాయి. ఏళ్లుగా దాచుకున్నవి.

"అబ్బా ఎట్లంటే అట్లనే మేడం" అన్నాను.

"ఉస్తాద్ చెప్పినంక ఇంకేంది" అని సార్ లేచారు. మగవాళ్లిద్దరూ పిస్టన్లు విప్పి చూసుకుంటుంటే మేడం నన్ను చెయ్యి పట్టుకుని బయట వేపచెట్టు కిందికి తీసుకుపోయింది.

"మీ నాయన కండ్లల్ల పొర దిగింది. కుడి కన్నుల మస్తు ముదిరింది. నల్లగుడ్డు మీద తెల్లగ కొడుతున్నది, దూరంకెల్లి కనబడుతున్నది. నీకు తెల్వదా?"

నేను చెట్టు బెరడు గీకుతూ నిలబడ్డాను.

"తెలుసన్నట్టు." ఆమె నా చెయ్యి వదిలింది. "ముప్పై ఏండ్లు గిదే చూసిన. ఇంట్ల అందరికీ తెలుస్తది, ఒక్కరు చెప్పరు. ఆఖరికి పానం మీదికి వస్తది."

బస్సు టైమవుతోందని సార్ పిలిచారు. ఆమె వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు నన్ను ఆ రాత్రంతా వదల్లేదు.

సోమవారం పొద్దున చెప్పేద్దామనే ఇంట్లోంచి బయలుదేరాను. షాపుకు చేరేసరికి అబ్బా అప్పటికే బ్లాకును మిషన్ కింద బిగించేశారు. మొదటి సిలిండర్‌కు కత్తి సరిచేస్తున్నారు. బిస్మిల్లా అని స్విచ్ వేశారు. ఇనుము సన్నటి పొడిగా రాలడం మొదలైంది. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే నూనె డబ్బా అందించాను. కత్తి అరవైకి పెట్టేటప్పుడు మాత్రం, "ఒక్కసారి నన్ను చూడనీయండి" అని మైక్రోమీటర్ చేతికి తీసుకుని నేనే సరిచూశాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

మొదటిది అద్దంలా వచ్చింది. రెండోది కూడా. మధ్యాహ్నమైంది. అబ్బా బ్లాకును జరిపి మూడోదాని మీదికి మిషన్‌ను తెచ్చారు. మధ్య బిందువు సరిచూసుకున్నారు. చెయ్యి స్విచ్ మీదికి పోయింది.

"అబ్బా, మూడోది ఇంకోసారి కొలుద్దాం."

"కొలిచినం గదా."

"నేను కూడా కొలిచిన."

ఆయన చెయ్యి స్విచ్ మీదే ఉంది. నా వైపు తిరగలేదు. "ఎప్పుడు?"

"శుక్రవారం. మీరు నమాజుకు పోయినప్పుడు."

షాపు ముందు నుంచి ఒక బొగ్గు లారీ పోయింది. ఆయన పెట్టె తెరిచి గేజ్ తీసి నాకిచ్చారు. దించాను. "అరవై నాలుగు" అన్నాను. గేజ్ అట్లాగే పట్టుకుని ఉంటే, ఆయన వచ్చి డయల్ మీదికి వంగారు. ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు. కళ్లద్దాలు తీశారు. కుడి కన్ను మూశారు, ఎడమది మూశారు. ఆయన ఊపిరి నా చేతికి తగులుతోంది.

"శుక్రవారం కొలిస్తివి. ఆదివారం వాళ్ల ముందర నన్ను పూచీ పడనిచ్చినవ్" అన్నారు. ఉర్దూలో కాదు, తెలుగులో. కోపం బాగా ఎక్కువైతేనే ఆయన నాతో తెలుగులో మాట్లాడేవారు. "నా కండ్ల సంగతి ఎన్నాళ్ల నుంచి తెలుసు నీకు?"

"ఎండాకాలం నుంచి."

"మీ అమ్మీకి?"

నేను తల ఊపాను. అది ఆయనకు కనిపించిందో లేదో.

"అరవైకి కోస్తే చార పొయ్యేది కాదు. వేలు పెడితే తగిలేది. తగిలినంక ఇంకో కోత పెట్టేటోన్ని" అన్నారు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "గోడ తెగి నీళ్ల దారి కనబడేది."

చేతులు కడుక్కున్నారు. చొక్కా మార్చుకుని, నడిచి ఇంటికి వెళ్లిపోయారు. పని మధ్యలో మిషన్ మీద బ్లాకు వదిలి ఆయన వెళ్లడం నేనెరిగి అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే సార్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. కన్ను సంగతితో సహా. ఆయన విని ఫోన్ పెట్టేశారు. మర్నాడు పదింటికి షాపులో ఉన్నారు, మేడంతో కలిసి. కోసిన రెండు సిలిండర్లలోకి తొంగి చూశారు. నవ్వుతూ అడవి కథ చెప్పిన మనిషి ఈయనేనా అనిపించింది.

"రెండు కోసినంక చెప్తవా?"

"తప్పయింది సార్."

"హైదరాబాదుల ఒకాయన దగ్గర గిదే ఇంజన్ ఉన్నది. మంచిది. నాది గట్లనే ఇస్తే దాని సామాను తనకు పనికొస్తదని, మార్చుకుందామన్నడు. ఉస్తాద్ బాగయితదంటే నేనే వద్దన్న. పొద్దుగాల మళ్ల ఫోన్ చేసిన. కోసిన బ్లాకు నాకెందుకన్నడు. అయిపాయె. శుక్రవారం ఒక్క ఫోన్ చేస్తే గా ఇంజన్ నాకు దొరికేది."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్నా? ఏమో. మేడం వైపు చూశాను, ఆమె ఒక మాట సాయం వేస్తుందేమోనని.

"నేను ఆదివారం అడిగిన. అందరి ముంగట అడిగిన" అంది ఆమె. అంతే.

వాళ్లు వెళ్లాక మిగతా రోజంతా ఫోన్లు చేశాను. విజయవాడలో స్లీవులు వేసే వాళ్లున్నారు. సిలిండర్‌ను పెద్దగా కోసి లోపల ఇనుప గొట్టం దిగ్గొడతారు. అదే స్లీవ్. అప్పుడు మళ్లీ అరవై సైజుకు తేవచ్చు. ట్రాక్టర్లకు మామూలుగా చేసేదే. ఆ ఒక్క సిలిండర్‌కు స్లీవ్ వేయిస్తే పాత ఇంజన్ బతుకుతుంది, సార్ కోపం తగ్గుతుంది, అబ్బా మాట నిలుస్తుంది. రాత్రంతా అదే లెక్క. నిజానికి ఆదివారం దాకా నా మనసులో నేను మేడం పక్షమే. కొత్త ఇంజనే మేలనుకున్నాను. తప్పు చేశాక మాత్రం పాతదాన్ని ఎట్లాగైనా కాపాడాలని పట్టుకుంది నాకు.

అబ్బా మూడు రోజులు షాపుకు రాలేదు. "తింటున్నాడు, నమాజు చేస్తున్నాడు, మాట్లాడడం లేదు" అంది అమ్మీ ఫోన్‌లో. రెండో రోజు నేను వెళ్తే గోడవైపు తిరిగి పడుకున్నారు. నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు.

నాలుగో రోజు సార్‌ను, మేడంను రమ్మన్నాను. స్లీవ్ సంగతి బొమ్మ గీసి చెప్పాను. సార్ మెల్లగా వినడం మొదలుపెట్టారు. "వేస్తే నడుస్తదా?" అన్నారు. ఆ గొంతులో ఆశ విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో గుమ్మం దగ్గర అలికిడి. అబ్బా వచ్చి నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలియదు. లోపలికి వచ్చి సార్ ముందు చేతులు కట్టుకున్నారు.

"తప్పు నాది సార్. అంకె కనబడలేదు. కనబడలేదని ఒప్పుకోక అంచనాకు చెప్పిన. ఈ పిల్లది కాదు తప్పు."

సార్ ఏదో అనబోయారు. అబ్బా ఆగకుండా నావైపు తిరిగారు. "స్లీవ్ వేస్తే నిలుస్తదా?"

"నిలవొచ్చు అబ్బా."

"ట్రాక్టర్ల అయితే?"

"నిలుస్తది."

"ఈ కార్ల? రెండింతల స్పీడుతోని తిరుగుతది ఇది. ఆ పక్క గోడ తుప్పు తిన్నది. కొత్త గొట్టాన్ని పట్టుకోవాల్సింది ఆ గోడనే. ఎంత మందం మిగిలిందో నువ్వు చూసినవా?"

"లేదు."

"ఆమెను పక్కన కూసోబెట్టుకుని చర్ల రోడ్డుల పోతడు ఆయన. నిలవొచ్చు అంటే సరిపోదు బేటా." బ్లాకు మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశారు. "సార్, కొత్త ఇంజన్ పెట్టుకోండి. ఇది వద్దు."

ఆదివారం అంత అందంగా దాని తరఫున మాట్లాడిన మనిషి, నాలుగు ముక్కల్లో దాన్ని వదిలేశారు. పిస్టన్ల మూట సార్ ఒడిలో ఉంది. దాన్ని విప్పుతారు, మళ్లీ కడతారు. మేడం లేచి వెళ్లి అబ్బా ముందు నిలబడింది.

"ఇంజన్ సంగతి అయింది. కంటి సంగతి చెప్పు భాయ్. ఎప్పుడు పోతున్నవ్?"

"పత్తి సీజన్ అయినంక..."

"సీజన్ గీజన్ లేదు. పైవారం ఖమ్మం. నేనే వస్త తోలుకపోనీకి."

ఊళ్లో ఇంకెవరు ఆ గొంతుతో చెప్పినా అబ్బా ఊరుకునేవారు కాదు. ఆమెతో మాత్రం "అవ్ మేడం" అన్నారు.

కొత్త ఇంజన్ వెతకడానికి నేను, సార్ విజయవాడ వెళ్లాం. వెనక నుంచి లారీ గుద్దిన ఒక చిన్న కారు దొరికింది. దాని ఇంజన్‌కు గాయం కాలేదు. బస్సులో పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సార్ నాతో అవసరమైనంతే మాట్లాడారు. ఆ ఇంజన్‌ను ఈ కారులో కూర్చోబెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. కొత్త ఇంజన్‌కూ పాత గేర్‌బాక్స్‌కూ మధ్య అతికే పలక ఒకటి కొత్తగా తయారు చేయాలి. వెంట్రుకంత తేడా వచ్చినా గేర్‌బాక్స్ ఊగి విరుగుతుంది. మొదటి పలక నేను చేసింది పనికిరాలేదు. రెండోదీ అంతే.

ఈలోగా ఖమ్మంలో అబ్బా కుడి కంటికి ఆపరేషన్ అయింది. నేను, అమ్మీ, మేడం ముగ్గురం వెళ్లాం. మర్నాడు కట్టు విప్పగానే ఆయన కిటికీ వైపు చూశారు. అమ్మీ వైపు చూశారు. తరువాత నన్ను పట్టి చూశారు.

"నీ తల ఇంత తెల్లగ ఎప్పుడైంది?" అన్నారు.

నాకు నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది. ఆ నెల రోజుల్లో నేను ఏడ్చింది అక్కడ ఒక్కచోటే. మేడం నర్సుతో చుక్కల మందు సంగతి మాట్లాడుతున్నట్టు అటు తిరిగింది.

డాక్టరు చెప్పిన రోజులు గడిచాక, నల్లద్దాలు పెట్టుకుని అబ్బా షాపుకు వచ్చారు. నేను పాడుచేసిన రెండు పలకలూ చేతిలోకి తీసుకుని అంచుల మీద వేలు నడిపారు. ఎక్కడ తప్పు పోయిందో చెప్పారు. మూడోది లేత్ మీద ఇద్దరం కలిసి చేశాం. రెండు రోజులు పట్టింది. మా మధ్య పని మాటలు తప్ప వేరే మాటలు లేవు. శుక్రవారం సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పలక బిగించి చూస్తే గేర్‌బాక్స్ కదలకుండా కూర్చుంది.

ఇంజన్ నంబరు మార్పు కాగితాలు ఆర్టీవో ఆఫీసు నుంచి వచ్చేసరికి చలికాలం మధ్యకు వచ్చింది. ట్రయల్ రోజు సార్ ఒక్కరే వచ్చారు. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, తాళంచెవి నాకిచ్చారు.

"నువ్వు నడుపు. ఏమన్నయితే నీ చేతులనే కావాలె."

అబ్బా గుమ్మంలో నిలబడి ఇంజన్ శబ్దం విన్నారు. "కుట్టుమిషన్ లెక్కున్నది" అన్నారు. అది మెచ్చుకోలు కాదు. వెళ్లమని చెయ్యి మాత్రం ఊపారు.

పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి మొదలైంది. నా కళ్లు రోడ్డు మీద కన్నా వేడి చూపించే ముల్లు మీదే ఎక్కువగా ఉన్నాయి. ఎత్తు ఎక్కుతుంటే ముల్లు సగం దాటింది. కింద ఏదో సన్నగా అదిరినట్టనిపించింది. పలక అనుకున్నాను. గేర్ తగ్గించాను, కాలు తీశాను, మళ్లీ వేశాను. అదురు గేర్‌బాక్స్‌ది కాదు, సార్ కాళ్ల దగ్గర పెట్టుకున్న నీళ్ల డబ్బాది. ముల్లు సగానికి కొంచెం పైనే ఆగింది. పల్లం వచ్చాక మెల్లగా వెనక్కి జారింది.

సారపాక దాటి, గోదావరి వంతెన కనిపించాక సార్ నోరు విప్పారు.

"రెండు కోసినంక చెప్పినవ్. ఒక్కటి గూడ కోయకముందు చెప్పాల్సింది."

"అవ్ సార్."

"నేను మర్చిపోను."

"అవ్ సార్."

వంతెన మీద గాలికి గుడ్డ పైకప్పు టపటపలాడింది. కింద ఇసుక తిన్నెల మధ్య నీళ్లు సన్నగా పారుతున్నాయి. నేను ఇంకా మూడో గేరులోనే పోతున్నాను, చిన్న శబ్దం కూడా వదలకుండా వింటూ.

"ఇగ గేర్ మార్చు" అన్నారు సార్. "గట్ల ఏడిపియ్యకు దాన్ని. మీ మేడం అవతల ఇంటి ముంగట నిలబడ్డది, పర్ణశాల దాక తోలుకపోవాల్నట."

గేర్ మార్చాను.